గ్యాస్ గీజరు

గ్యాస్ గీజరు అనగా వంటగ్యాసును మండించి, ప్రవహించుచున్న నీటిని అప్పటికప్పుడు వేడిచేయు గృహోపకరణము. విద్యుత్తు గీజర్లలో అనేకమునకు ఉన్నట్లు దీనికి నీటిని నిల్వచేయు తొట్టి ఉండదు. కరెంటు లేని సమయములో కూడ పనిచేయుట దీని సౌలభ్యము. ఇందులో తలెత్తు సమస్యలలో అధికభాగము సెల్లులు, నీటి ఒత్తిడి, గార అను మూడింటికి సంబంధించినవి. ఇవి సులభముగా సరిచేయదగినవి. గాలి చాలకపోవుట వలన కలుగు సమస్య మాత్రము ప్రాణాపాయకరమైనది.

చరిత్ర

1868లో లండనుకు చెందిన బెంజమిన్ వాడీ మాన్ గ్యాసుతో నీటిని వేడిచేయు పరికరమును రూపొందించి దానికి గీజరు అని పేరుపెట్టెను. ఈ పదము ఐస్‌లాండులోని ఒక వేడినీటి బుగ్గ పేరునుండి వచ్చినది. ఆ తొలి పరికరమునకు పొగగొట్టము లేదు. భారతదేశములో వంటగ్యాసుతో పనిచేయు చిన్న గీజర్లకు ఐఎస్ 15558 అను ప్రమాణము కలదు.

పనిచేయు విధానము

కుళాయి త్రిప్పగానే నీరు గీజరులోని రబ్బరు పొరను (డయాఫ్రము) నెట్టును. ఆ కదలికతో ఒక చిన్న స్విచ్చి పనిచేయును. అప్పుడు రెండు 1.5 వోల్టుల పెద్ద సెల్లుల శక్తితో నిప్పురవ్వలు పుట్టి, గ్యాసు కవాటము తెరచుకొనును. మంట పైభాగమున గల రాగి గొట్టములలో నీరు వేడెక్కును. మంట అంటుకొననిచో దానిని గుర్తించు కడ్డీ ద్వారా గ్యాసు ఆగిపోవును.

సాధారణ సమస్యలు

నిప్పురవ్వ రాకపోవుట: మొదట రెండు సెల్లులను ఒకేసారి మార్చి, వాటి కొనలకు తుప్పు ఉన్నచో తుడువవలెను. అయినను శబ్దము రానిచో నీటి ఒత్తిడిని చూడవలెను. అనేక గీజర్లకు కనీసము 0.2 బార్ ఒత్తిడి, అనగా సుమారు 2 మీటర్ల ఎత్తునుండి దిగు నీరు అవసరము. కామారెడ్డి జిల్లాలోని (2016 వరకు నిజామాబాదు జిల్లా) బాన్సువాడ వంటి పట్టణములలో ఒక అంతస్తు ఇంటి స్లాబుపైననే ట్యాంకు ఉన్నచో ఈ చిక్కు రావచ్చును. స్లాబు 3 మీటర్ల ఎత్తున, షవరు 2 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు ట్యాంకు అడుగుకు, షవరుకు మధ్య తేడా 1 మీటరు మాత్రమే. చేతి షవరును క్రిందికి దించగానే గీజరు వెలిగినచో లోపము ఒత్తిడిదే అని గ్రహించవచ్చును. ట్యాంకును దిమ్మెపై ఎత్తుగా అమర్చుట దీనికి శాశ్వత పరిష్కారము.

నిప్పురవ్వ వచ్చినను మంట రాకపోవుట: సిలిండరు ఖాళీ అగుట, రెగ్యులేటరు మూసియుండుట, కొత్త సిలిండరు పెట్టినప్పుడు గొట్టములో గాలి చేరుట దీనికి కారణములు. హైదరాబాదు వంటి నగరములలో గొట్టముల ద్వారా వచ్చు సహజవాయువుకు తయారైన గీజరును సిలిండరుకు తగిలించరాదు. రెండింటి ఒత్తిడి, గ్యాసు రంధ్రముల పరిమాణము వేరు.

నీరు చాలినంత వేడెక్కకపోవుట: నీటి ప్రవాహము సగమైనచో ఉష్ణోగ్రత పెరుగుదల దాదాపు రెట్టింపగును. కనుక నీటి మరను కొంత తగ్గించిన చాలును. బోరునీటిలో కఠినత్వము ఎక్కువైన చోట్ల రాగి గొట్టములలో తెల్లని గార పేరుకొని వేడిని అడ్డగించును. దీనిని నిమ్మఉప్పు ద్రావణముతో మెకానిక్కుచే శుభ్రపరచవలెను. నీరు లోనికి వచ్చు చోటగల జల్లెడను అప్పుడప్పుడు కడుగవలెను.

మధ్యలో ఆరిపోవుట: అనేక నమూనాలలో 20 నిమిషముల తరువాత మంట దానంతట అదే ఆరిపోవును. ఇది లోపము కాదు, రక్షణ ఏర్పాటు. దీనిని తొలగించరాదు.

పసుపుపచ్చని మంట: మంట నీలముగా ఉండవలెను. పసుపుపచ్చగా మారుట, మసి పట్టుట గ్యాసు పూర్తిగా మండుటలేదనుటకు గుర్తులు. అప్పుడు వాడకము ఆపి బర్నరును శుభ్రము చేయించవలెను.

విషవాయువు ప్రమాదము

గాలి చాలనప్పుడు మంటనుండి కార్బన్ మోనాక్సైడు వెలువడును. దీనికి రంగు, వాసన లేవు. ఇది రక్తములోని హిమోగ్లోబినుతో ఆక్సిజను కంటె 200 రెట్లకు పైగా బలముగా కలియును. తలనొప్పి, తలతిరుగుడు, వాంతి వచ్చినట్లుండుట తొలి లక్షణములు. తరువాత మనిషి స్పృహ కోల్పోవుటచే తలుపు తీయుటకు కూడ శక్తి ఉండదు.

నిమిషమునకు 6 లీటర్ల గీజరు 20 నిమిషములలో సుమారు 300 గ్రాముల గ్యాసును మండించును. దానికి సుమారు 4 ఘనపు మీటర్ల గాలి కావలెను. 1.2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల ఎత్తుగల స్నానాలగదిలో ఉండు గాలి మొత్తము 6 ఘనపు మీటర్లే. చలికాలములో కిటికీ మూసి, ఒకరి తరువాత ఒకరు స్నానము చేయు ఇండ్లలో ప్రమాదము ఎందుకు ఎక్కువో దీనివలన తెలియును.

జాగ్రత్తలు

గీజరును, సిలిండరును స్నానాలగది వెలుపల గాలి ఆడు చోట అమర్చి, వేడినీటి గొట్టమును మాత్రమే లోనికి తీసికొనుట ఉత్తమము. ఎవరైనను లోపల పలుకకున్నచో వెంటనే తలుపు తెరచి, బాధితుని బయటిగాలికి చేర్చి, గ్యాసును కట్టివేసి, 108కు ఫోను చేయవలెను. వంటగ్యాసు గాలికంటె బరువైనందున కారినప్పుడు నేలవెంబడి వ్యాపించును. దాని వాసన వచ్చినచో అగ్గిపుల్ల గీయరాదు, విద్యుత్తు స్విచ్చులు వేయరాదు, తీయరాదు. రెగ్యులేటరు మూసి, తలుపులు, కిటికీలు తెరచి, బయటికి వచ్చి 1906 అను అత్యవసర సంఖ్యకు తెలుపవలెను.