తుపాకీమందు: ఒకదానికి ఇంకొకటి బదులవుతుందా?

ఉద్దానం అనగానే ఎవరికైనా కొబ్బరి, జీడిమామిడి, పనస గుర్తుకొస్తాయి. ఆ తోటల్లోకే అడవిపందులూ, ఎలుగులూ కూడా వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను చెట్లను పడగొట్టిన తర్వాత, మిగిలిన చెట్లకు కాపలా మరీ బరువైంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు ఒకరిని చంపి, మరికొందరిని గాయపరచింది. ఇలాంటిచోట పంట కాపలాకి లైసెన్సు తుపాకీ పెట్టుకున్న రైతు ఒకరిద్దరు కనిపించటం వింత కాదు. (ఎలుగును కాల్చటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చప్పుడు చేసి బెదరగొట్టటం వరకే.)

మా వీధిలో వరసకు నాకు చిన్నాన్న అయ్యే ఒకాయన దగ్గర, మూతినుంచి మందు కూరే పాతకాలపు తుపాకీ ఉంది. దానికి పోసే నల్లని మందు దొరకటం కష్టమైంది. రైఫిలు తూటా విప్పి అందులోది పోస్తే సరిపోతుందని ఎవరో ఆయనకు చెప్పారు. నేను కెమిస్ట్రీ చదువుతున్నానని నన్నడిగాడు: "ఏట్రా, సదువుకున్నోడివి గదా! మందు మందే గదేటి? అదీ కాల్తాది, ఇదీ కాల్తాది. మరి తేడా ఏటి?" "ఆ పని మాత్రం సెయ్యకు చిన్నాన్నా" అని ఒక్కమాటలో చెప్పేశాను గాని, ఎందుకు చెయ్యకూడదో చెప్పటానికి ఒక పూట పట్టింది.

పాత మందులో ఉండేవి సూరేకారం, గంధకం, బొగ్గు. దీన్ని ఇంగ్లీషులో పిలిచే పేరును తెలుగు చేస్తే 'నల్లమందు' అవుతుంది. మనవాళ్ళకు ఆ మాట వింటే అభిని గుర్తొస్తుంది కనుక 'నల్లపొడి' అందాం. ఇది కాలితే బరువులో సగానికి పైగా మసిగా, ఉప్పుగా మిగిలిపోతుంది. తెల్లటి పొగ కమ్ముకునేది అందుకే. రైఫిలు తూటాలోది వేరే జాతి. దూదిలోని సెల్యులోజుకు నైట్రిక్ ఆమ్లం పట్టించగా వచ్చే నైట్రోసెల్యులోజు దానికి మూలం. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే దాన్ని అదుపుగా కాలే రూపానికి తెచ్చాడు. 1887లో నోబెల్, 1889లో ఇంగ్లండులో ఏబెల్, డ్యూవార్ అందులో నైట్రోగ్లిసరిన్ కలిపిన రకాలు తీశారు. ఏబెల్, డ్యూవార్‌ల మందు పేరు కార్డైట్. ఇవి దాదాపు పూర్తిగా వాయువుగా మారిపోతాయి. కాబట్టి నల్లపొడి కొలిచిన గిద్దెతోనే దీన్నీ కొలిస్తే, లోపల పుట్టే వాయువు లెక్క మారిపోతుంది.

అసలు ప్రమాదం ఇంకొకచోట ఉంది. ఏ మందైనా పైపొర నుంచే కాలుతుంది. ఎండిన కొబ్బరాకు భగ్గున మండటం, అదే చెట్టు మొద్దు గంటల తరబడి రాజుకోవటం మనకు తెలుసు. మొద్దును చీలికలు చేస్తే అదీ తొందరగానే మండుతుంది. తుపాకీమందు పలుకు చిన్నదా పెద్దదా, రేకులా ఉందా గొట్టంలా ఉందా అన్నదాన్ని బట్టి దాని వేగం మారేది ఇందుకే. గొట్టంలాంటి పలుకు బయటినుంచి తరుగుతుంటే లోపలి రంధ్రం పెద్దదవుతుంది. అందువల్ల మండే వైశాల్యం చివరిదాకా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. చాలా తెలివైన ఏర్పాటు. ఇక రెండో సంగతి. నైట్రోసెల్యులోజు మందు, చుట్టూ ఒత్తిడి పెరిగిన కొద్దీ మరింత వేగంగా కాలుతుంది. వేగంగా కాలితే ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి వేగం ఇంకా పెరుగుతుంది. నల్లపొడికి ఈ గుణం చాలా తక్కువ. ఆధునిక రైఫిలు గదిలో ఒత్తిడి సుమారు నాలుగువేల వాతావరణాల దాకా పోతుంది; దానికి తగిన ఉక్కుతోనే ఆ గది చేస్తారు. చిన్నాన్న తుపాకీ గొట్టం దానికి చేసింది కాదు. అది పగిలేది కాల్చేవాడి చేతిలో, ముఖం పక్కన.

"అయితే సగమే పోస్తాను" అన్నాడాయన. అదీ కుదరదు. సగం ఎంతో చెప్పగల లెక్క ఆ తుపాకీకి ఎవరూ కట్టి ఉంచలేదు. నిదానంగా కాలే రకాలను పెద్ద తూటాలో మరీ తక్కువ పోసినప్పుడు కూడా ఒత్తిడి అనూహ్యంగా ఎగసిన సందర్భాలు ఉన్నాయి.

అమెరికాలో గురిపోటీలకు వెళ్ళేవాళ్ళు తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు. అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. వాళ్ళకూ అలవాటైన మందు దొరకనప్పుడు ఇదే ప్రశ్న వస్తుంది. మందులను వేగం వరసలో పేర్చిన పట్టీలు ఉంటాయి. అయితే ఆ పట్టీ ఏది ముందు, ఏది వెనక అని చెబుతుందే గాని, ఎంత పొయ్యాలో చెప్పదు. పదోక్లాసు మార్కుల్లో రెండోవాడూ మూడోవాడూ పక్కపక్కనే ఉన్నంత మాత్రాన వాళ్ళ మార్కులు ఒకటే కావు గదా! రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన సైన్యం వద్దనుకున్న మందు కొని చిల్లరగా అమ్మాడు. అందులో 4831 అనే నంబరు మందు పేరుపొందింది. తర్వాత అదే నంబరుతో మరో కంపెనీ మందు వచ్చింది. అది మరికాస్త వేగంగా కాలేది. డబ్బా మీద అంకె ఒకటే, లోపల సరుకు వేరు. అందుకే తెలిసినవాళ్ళు తయారీదారు ఆ మందుకే, ఆ తూటాకే అచ్చువేసిన పట్టిక చూసి, అందులోని అతి తక్కువ కొలతతో మొదలుపెడతారు.

గురి కుదరాలంటే వేగం ఎక్కువ కావటం కన్నా ప్రతిసారీ ఒకేలా ఉండటం ముఖ్యం. గాలి నిరోధం పక్కన పెట్టి లెక్క వేశాను. సెకనుకు 800 మీటర్ల గుండు 300 మీటర్లు వెళ్ళేసరికి సుమారు 69 సెంటీమీటర్లు దిగుతుంది. 790 మీటర్లదయితే ఇంకో పావుతక్కువ రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 600 మీటర్లకు ఆ తేడా నాలుగురెట్లు, అనగా ఏడు సెంటీమీటర్లు. ఎండలో కాగిన తూటా వేగం కూడా మారుతుంది. వేసవిలో మా ఇసుకమీద నడిచినవాళ్ళకు ఆ వేడి ఎంతో చెప్పనక్కరలేదు.

బదులు మందు గురిలో నెగ్గినా వేరేచోట ఓడిపోవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటనుకు కార్డైట్ తయారీలో వాడే అసిటోన్ కరువైంది. వైజ్‌మాన్ అనే రసాయన శాస్త్రవేత్త మొక్కజొన్నను పులియబెట్టి అసిటోన్ తీసే పద్ధతి కనిపెట్టాడు. 1917లో బడిపిల్లలచేత అందుకోసం చెట్టుకాయలు కూడా ఏరించారు. ఇంకొకవైపు, అసిటోన్ బదులు ఈథర్, ఆల్కహాలుతో చేసే కార్డైట్ రకం తెచ్చారు. పేల్చినప్పుడు అది పాతదానిలాగే పనిచేసింది. ఎక్కువకాలం నిలవ ఉంచితే మాత్రం చెడి, అపాయకరంగా మారేదని తరువాత తేలింది. మన దేశంలో నీలగిరుల్లోని అరవంకాడు కర్మాగారం ఆ కార్డైట్ కోసమే 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో పుట్టింది. 2021 నుంచి మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద నడుస్తోంది.

మన చట్టం సంగతి. 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ లైసెన్సు వేరు, మందుగుండు తయారీ లైసెన్సు వేరు. చిన్నాన్నకున్నది మొదటిదే. మందు కావాలంటే లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనాలి. మన గురిపోటీల్లో ఎక్కువగా కనిపించే పాయింట్ 22 తూటాను తిరిగి నింపటం కుదరదు, దాని అంచులోనే రంజకం ఉంటుంది. కాబట్టి పెద్ద పోటీలకు వెళ్ళేవాళ్ళు మందు మార్చరు. ఒకే కంపెనీ తూటాల్లో వేర్వేరు విడతల పెట్టెలు తెప్పించి, తమ రైఫిలును బిగించి కాల్చి, రంధ్రాలు దగ్గరగా పడిన విడతనే మొత్తంగా కొనుక్కుంటారు.