రబ్బరు నేలమీద పిల్లల ఆటలు

అపార్టుమెంటు పార్కుల్లో, బడి ఆవరణల్లో ఉయ్యాలల కింద ఇసుక పోయి మెత్తటి రబ్బరు నేల వస్తోంది. ఎర్రగా, నీలంగా చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. "హకీం సాబ్, ఇదంతా పాత లారీ టైర్ల పొడి అంటున్నారు. ఆడి వచ్చేసరికి మావాడి చేతులు నల్లగా ఉంటున్నాయి. విషం దిగిపోవడానికి ఏదైనా షర్బత్ రాసివ్వండి" అని ఈమధ్య ఒక తల్లి అడిగింది. నేను షర్బత్ రాయలేదు.

ముందు ఆ నేల సంగతి తెలుసుకోండి. అడుగున పాత టైర్లను తురిమిన నల్ల గుళికలను జిగురుతో కలిపి పరుస్తారు. పైనున్న రంగు పొర చాలాచోట్ల కొత్త రబ్బరుదే. టైరులో రబ్బరుతోపాటు కార్బన్ బ్లాక్ అనే మసి, నూనెలు, గంధకం, జింక్ ఆక్సైడు ఉంటాయి. ఆ మసిలో, నూనెల్లో పీఏహెచ్‌లనే రసాయనాలుంటాయి. వాటిలో కొన్ని కేన్సరు తెచ్చేవి. కాబట్టి తల్లి భయం ఉత్తదేమీ కాదు. ఇలాంటి గుళికల్లో ఎనిమిది రకాల పీఏహెచ్‌లు కలిపి కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని యూరోపియన్ యూనియన్ 2022 ఆగస్టు నుంచి నిబంధన పెట్టింది.

అయితే వస్తువులో ఉండడం వేరు, ఒంట్లోకి చేరడం వేరు. మోతాదు చూడకుండా మన హకీములు దేన్నీ విషమనరు, మందూ అనరు. నెదర్లాండ్స్ ప్రజారోగ్య సంస్థ 2016లో టైరు గుళికలు చల్లిన క్రీడామైదానాలను పరీక్షించి, ఆరోగ్యానికి ముప్పు దాదాపు లేదని చెప్పింది. అమెరికా ప్రభుత్వ సంస్థల నివేదిక 2024లో వచ్చింది. ఒంట్లోకి చేరేది తక్కువేనని అదీ చెప్పింది, కానీ ఇది ముప్పును లెక్కగట్టిన నివేదిక కాదని కూడా అందులోనే రాశారు. పైగా ఈ రెండూ కృత్రిమ గడ్డి మైదానాల మీద జరిగినవి. రెండేళ్ల బిడ్డ పార్కులో చతికిలబడి, పగిలిన పొర కిందినుంచి నల్ల గుళికలు ఏరి నోట్లో వేసుకోవడం వేరే సంగతి. నాకు బెంగ ఆ బిడ్డ గురించే.

అంతకన్నా ముందు వచ్చే కష్టం వేడి. బళ్లారి, రాయచూరు ఎండలు మీకు నేను చెప్పాలా? నల్ల రబ్బరు ఆ ఎండను పీల్చుకుని, పసివాళ్ల పల్చటి చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. మీ అరచేతి వెనకభాగం ఐదు సెకన్లు నేలకు ఆనించండి. మీరు ఓర్చుకోలేకపోతే బిడ్డను దించకండి. అసర్ దాటాక, నేల చల్లారాక, చెప్పులు వేసి పంపండి. కాలితే ఇరవై నిమిషాలు చల్లటి ధారనీళ్ల కింద పెట్టండి. ఐసు, పేస్టు, నూనె, ఏ మర్హం కూడా అప్పుడే పూయవద్దు.

మెత్తగా కనిపించినంత మాత్రాన దెబ్బ తగలదనీ కాదు. 2007లో కాలిఫోర్నియాలో 32 ఆటస్థలాల రబ్బరు నేలలను పరీక్షిస్తే, పడ్డప్పుడు తలను కాపాడే ప్రమాణానికి దాదాపు మూడింట రెండు వంతులు నిలవలేదు. గట్టిపడిన, పగిలిన నేలను బాగుచేయించమని మీ అసోసియేషన్‌వాళ్లను అడగండి. కొత్తగా వేయిస్తుంటే పరీక్ష కాగితాలు చూపమని కాంట్రాక్టరును గట్టిగా అడగండి.

ఇంతా విని పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టేరు! యునానీ చెప్పే అస్బాబె సిత్తా జరూరియాలో గాలి మొదటిది. శరీరానికి కదలిక, విశ్రాంతి కూడా అందులోవే. ఆట మాన్పించడం ఆరోగ్యం కాదు. అక్కడ తిండి మాత్రం పెట్టకండి. బిస్కెట్టు కిందపడితే మళ్లీ చేతికివ్వకండి. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు, కాళ్లు, మొహం కడిగించండి, ఆడిన బొమ్మల్ని కూడా కడగండి.

షర్బత్ ఎందుకు రాయలేదంటే, చేతిమీది మసిని కడగాల్సింది నీళ్లు, సబ్బు. కడుపులోకి మందు పోసి లాభం లేదు. ఒక గుళిక మింగితే మామూలుగా విరేచనంలో పోతుంది. దానికి వాంతి చేయించకండి, జులాబు ఇవ్వకండి. మింగాక దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా నా దగ్గరికి కాదు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.