చేతితొట్టి బిరడాను బాగుచేయు విధము

అరకులోయ కొండగూడెములందు ఊటనీటిని బిందెలతో మోసికొని వచ్చు స్త్రీలు నేటికిని గలరు. కావున కొళాయి గల యింటివారు నీటిని వృథాగా పోనిచ్చుట తగదని సోదరీమణులకు మేము మనవి చేయుచున్నాము. కొళాయి విడిచియుంచి కడుగుకొనుటకంటె తొట్టిలో నీరు నిలిపి కడుగుకొన్నచో నీరు మిగులును. అందులకు తూమును మూయు బిరడా సరిగా నుండవలెను.

మీటతో లేచి దిగు బిరడా చెడినంతనే క్రొత్తదానికై సుమారు 115 కిలోమీటర్ల దూరమందున్న విశాఖపట్టణమునకు పరుగిడ నక్కరలేదు. తరచుగా దోషమంతయు వెండ్రుకలు, సబ్బుజిడ్డు, గట్టిపడిన రబ్బరువలయము, వీనియందే యుండును.

మొదట తొట్టిక్రింద బక్కెట్టు నుంచుడు. తూముగొట్టమునకు వెనుకనున్న మరబిళ్లను విప్పి, అడ్డుకడ్డీని కొంచెము వెనుకకు లాగుడు. అంతట బిరడా పైకి వచ్చును. దానిని పాత పళ్లబ్రష్షుతో తోమి, రబ్బరువలయము పగిలియున్నచో మార్చుడు. మరల దించునపుడు కడ్డీకొన బిరడా అడుగునగల కంతలో దూరవలెను. లేనిచో మీట యాడినను బిరడా లేవదు. మరబిళ్లను చేతితోనే బిగింపుడు. మిక్కిలి బిగించినచో కడ్డీ కదలదు.

పిదప తొట్టినింపి అరగంట చూడుడు. నీరు తగ్గినచో కడ్డీని మీటకు కలుపు చిల్లులపట్టీలో ఒక చిల్లు మార్చి చూడుడు. మరబిళ్లక్రింద పొడిగుడ్డ తడిసినచో లోపలి రబ్బరు అరిగినదని తెలియవలెను. కడ్డీయే తుప్పుపట్టి విరిగినచో పాతదానిని కొలతకై అంగడికి పంపుడు. అంతవరకు గొలుసుగల రబ్బరు బిరడా చాలును.

వేసవిని ఊటలు సన్నగిల్లకమునుపే యీ పని ముగించుకొనుట మేలు.