విమానం పంకా కథ



మన మాణికేశ్వర్ నగర్, తార్నాక వాళ్ళకు ఒకప్పుడు బేగంపేటలో దిగే విమానాలు డాబా మీద నుంచే కనిపించేవి. 2008 మార్చిలో ప్రయాణీకుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి. అక్కణ్ణుంచి రాజమండ్రి వెళ్ళే ఏ.టి.ఆర్. విమానం ఎప్పుడైనా ఎక్కితే చూడండి, దాని రెక్కలకు రెండు పెద్ద పంకాలుంటాయి. వీటినే ప్రొపెల్లర్లు అంటారు. ఒక్కో పంకాకు ఆరేసి ఆకులు.

"అంత విమానాన్ని పంకా లాగుతుందా?" అని మీరడగవచ్చు. మనింట్లో ఫ్యాను గాలిని కిందికి తోస్తుంది. ప్రొపెల్లరు గాలిని వెనక్కి తోస్తుంది. తెడ్డుతో నీళ్ళు వెనక్కి తోస్తే పడవ ముందుకు పోవడం లేదూ? ఇదీ అంతే.

ఆకుల వాలును అవసరాన్ని బట్టి మార్చవచ్చు. నేల విడిచేటప్పుడు ఒక వాలు, పైకి చేరాక మరొకటి. ఒక ఇంజను ఆగిపోతే ఆకుల అంచును గాలికి ఎదురుగా తిప్పేస్తారు. అప్పుడవి గాలికి అడ్డుపడవు, రెండో ఇంజనుతో విమానం దిగవచ్చు.

ఇక సంరక్షణ సంగతి. ఫ్యాను రెక్క ఒకటి కాస్త వంగితేనే ఫ్యానంతా ఊగుతుంది కదా! ఇది నిమిషానికి 1200 చుట్ల దాకా తిరిగే పంకా. నేల మీది గులకరాయి తగిలి ఆకు అంచున చిన్న గంటు పడిందనుకోండి. చీరకు పడ్డ చిరుగు పాకినట్టు, లోహపు ఆకులో ఆ గంటు నుంచే పగులు పాకుతుంది. అందుకే మెకానిక్కు దాన్ని ఆకురాయితో నున్నగా సరిచేస్తాడు. గంటు లోతు హద్దు దాటితే ఆకు మార్చవలసిందే. పొరలు అతికించి చేసిన ఆకులనైతే నాణెంతో తట్టి చూస్తారు. మనం కుండను తట్టి కొన్నట్టే! మోత మందంగా వస్తే లోపల పొర విడిందన్న అనుమానం.

1995 ఆగస్టు 21న అమెరికాలోని జార్జియాలో ఒక బ్రసీలియా విమానం కూలింది. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గాలిలో ఉండగానే పంకా ఆకు ఒకటి విరిగిపోయింది. ఆకు లోపలి బోలులో తుప్పు పట్టి, అక్కణ్ణుంచి పగులు పుట్టింది. అంతకుముందే ఆ ఆకును మరమ్మతుకు పంపితే, లోపల నునుపు పట్టి తిరిగి పంపారు. పగులు మాత్రం అలాగే ఉండిపోయింది. చిల్లు గిన్నెకు కళాయి పూస్తే చిల్లు పూడుతుందా చెప్పండి? పైమెరుగు వేరు, బాగుచెయ్యడం వేరు.

చివరిగా ఒక మాట. ఏ.టి.ఆర్. విమానానికి ఎక్కే తలుపు వెనక వైపు ఉంటుంది. సిబ్బంది చూపిన దారినే నడవండి, పిల్లల చెయ్యి వదలకండి. పంకా ఆగి ఉన్నా దాని దరిదాపులకు పోవద్దు.