ఆలస్యముగా ఏడ్చిన బిడ్డ – పచ్చకామెర్లు

కామెర్ల రోగికి లోకమంతయు పచ్చగా కనబడునని మనవారి సామెత. వైద్యులు దీని నంగీకరింపరు. రోగి కన్ను పచ్చబడును గాని చూపు పచ్చబడదు. అయినను పొత్తిళ్లలోని శిశువు విషయమున ఈ సామెత తలక్రిందులై నిజమగుచున్నది. అచ్చట పచ్చబడినది బిడ్డ; ఆ పచ్చదనమును కనలేకపోవునది చుట్టునున్న లోకము. ఆ చూడలేకపోవుట వలన ఒక జీవితమంతయు మారిపోవచ్చును.

ఈ విషయమును మేము ఎన్నుకొనుటకు కారణము మా తరగతిలో కొంతకాలము చదివిన యొక బాలుడు. అతనిది కృష్ణ యొడ్డునగల శ్రీకాకుళపు ప్రాంతము. శ్రీకాకుళమనగా నాగావళి తీరపు పట్టణము కాదు, మన ఘంటసాలకు చేరువనున్న గ్రామము. అతని చేతులు చెప్పిన మాట వినవు. కలము పట్టబోయిన వ్రేళ్లు మెలికలు తిరుగును. మాట స్పష్టముగా రాదు. పిలిచిన పలుకడు. కొన్ని నెలలపాటు మేమతనిని మందబుద్ధియని యెంచితిమి. ఒకనాడు నల్లబల్లపై వ్రాసిన లెక్కకు తరగతిలో అందరికంటె ముందుగా వ్రేళ్లతో జవాబు చూపినప్పుడు మా తప్పు మాకు తెలిసినది. అతనికి లోపించినది వినికిడి, బుద్ధి కాదు.

తల్లి నడుగగా ఆమె చెప్పినది యిది: "పుట్టగానే ఏడవలేదు మాస్టరుగారూ. చాలాసేపటికి ఏడ్చాడు. మూడోనాటికి పచ్చబడ్డాడు. పుట్టిన పిల్లలందరికీ వచ్చేదే గదా అన్నారు. పసరు పోశారు, వాతలు పెట్టారు. ఏడోనాడు విల్లులాగ వెనక్కు వంగిపోయాడు." ఈ నాలుగు మాటలలో ఈ వ్యాసమంతయు నిమిడియున్నది. ఇక వీనిని ఒక్కొక్కటిగా విప్పి చూతము.

మన నెత్తురులోని ఎఱ్ఱకణములు కొంతకాలము పనిచేసి నశించుచుండును. పెద్దవారిలో ఒక్కొక్క కణము సుమారు 120 దినములు జీవించును. నవజాత శిశువులో అంతకంటె తక్కువ కాలమే. పైగా గర్భములో నుండగా శిశువునకు ఎఱ్ఱకణములు హెచ్చుగా నుండును. ఇవి పగిలినప్పుడు వానిలోని హీమోగ్లోబిన్ నుండి బిలిరుబిన్ అను పసుపు పదార్థము పుట్టును. కాలేయము దీనిని నీటిలో కరగునట్లు మార్చి పిత్తముతో ప్రేగులోనికి పంపును. అటుపై అది మలముతో వెలుపలికి పోవును. కడుపులో నున్నంతకాలము ఈ పనిని మాయ ద్వారా తల్లి శరీరము చేయును. బొడ్డుత్రాడు కోసిన క్షణమునుండి శిశువు కాలేయమే చేసికొనవలెను. అది ఇంకను ఆరితేరలేదు. అందుచేత సగముకంటె ఎక్కువమంది శిశువులు రెండవ మూడవ దినములలో కొంచెము పచ్చబడి, ఒకటి రెండు వారములలో తేరుకొందురు. "అందరికీ వచ్చేదే" యను మాట ఇంతవరకు నిజము.

ఇప్పుడు "ఏడవలేదు" అను మాటకు వత్తము. మొదటి యేడుపుతో ఊపిరితిత్తులు విప్పుకొని ప్రాణవాయువును గ్రహించును. కాన్పు ఎక్కువ కాలము సాగినను, బొడ్డుత్రాడు నొక్కుకొనినను, మాయ ముందుగా విడిపోయినను శిశువునకు ప్రాణవాయువు చాలదు. అట్టి బిడ్డ లందరికి తీవ్రమైన కామెర్లు వచ్చునని కాదు. అయితే వచ్చినయెడల అవి సామాన్యములని త్రోసివేయరాదు. దీనికి కారణములు కలవు.

మొదటిది, ప్రాణవాయువు కొఱవడిన కాలేయము బిలిరుబినును మార్చు పనిలో మఱింత వెనుకబడును. రెండవది, కష్టపు కాన్పులో తలపైనను ఒంటిపైనను నెత్తురు గడ్డకట్టి కమిలియుండవచ్చును. ఆ నెత్తురు కరగినకొలది బిలిరుబిన్ పెరుగును. మూడవది, డస్సిన బిడ్డ పాలు సరిగా త్రాగదు. మలము ఆలస్యముగా కదలును. ప్రేగులోనికి వచ్చిన బిలిరుబిన్ కొంత తిరిగి నెత్తురులో చేరును. నాలుగవది మిక్కిలి ముఖ్యము. బిలిరుబిన్ సాధారణముగా నెత్తురులోని ఆల్బుమిన్ అను మాంసకృత్తును అంటిపెట్టుకొని సంచరించును. ప్రాణవాయువు చాలక నెత్తురులో ఆమ్లము పెరిగినప్పుడు ఆ పట్టు సడలును. మెదడునకు కావలిగానున్న రక్తనాళముల గోడయు బలహీనపడును. ఒకవైపు ఖైదీ సంకెల వీడినట్లును, వేఱొకవైపు కోటతలుపు తెఱచినట్లును అగును. అందుచేతనే ఇతర శిశువులకు ప్రమాదము కాని మోతాదు కూడ ఇట్టి శిశువునకు ప్రమాదము కావచ్చును. వైద్యులును తక్కువ మోతాదులోనే చికిత్స ప్రారంభింతురు.

మెదడులో లోతుననున్న కొన్ని కేంద్రములలోనికి బిలిరుబిన్ చేరినచో అవి చెడిపోవును. ఆ కేంద్రములు అవయవముల కదలికను, వినికిడిని, కంటి చూపును పైకెత్తుటను నడుపునవి. బుద్ధి పలుమాఱు చెడక నిలిచియుండును. మా బాలుని కథ ఇట్లే నడిచినది. మొదట బిడ్డ మందముగా నిద్రించుచు పాలు పట్టదు. తరువాత సన్నని కీచుగొంతుకతో ఏడ్చును. పిమ్మట వెన్ను విల్లువలె వంగును. మొదటి లక్షణము కనబడిన గడియనే ఆసుపత్రికి పోవలెను. మూడవదానికై వేచియున్నచో ఆలస్యమైనట్లే.

దీనికి చికిత్స దొరకిన విధము విద్యార్థులు తెలిసికొనదగినది. 1956వ సంవత్సరమున ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అను నర్సు నెలలు నిండని శిశువులను తోటలో ఎండకు తీసికొనిపోవుచుండెడిది. ఒకనాడు ఆమె వైద్యులకు చూపిన బిడ్డ ఒళ్లు తెల్లబడియుండగా, దుప్పటి అంచు కప్పిన ముక్కోణపు చోటు మాత్రము పచ్చగా నుండెను. కొలదికాలమునకు ఎండలో మఱచిపోయిన నెత్తురు గొట్టములో బిలిరుబిన్ తగ్గియుండుట కనబడెను. ఈ రెంటిని జతపఱచి పరిశోధించి క్రీమర్ మొదలగు వైద్యులు 1958లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. నేడు ఆసుపత్రులలో నీలికాంతి దీపముల క్రింద శిశువును పరుండబెట్టుట దాని ఫలమే. ఆ కాంతి చర్మములోని బిలిరుబిన్ రూపును మార్చగా, కాలేయపు శ్రమ లేకయే అది పిత్తముతోను మూత్రముతోను వెలుపలికి పోవును. మోతాదు మిక్కిలి హెచ్చినయెడల నెత్తురు మార్పిడి చేయుదురు.

అయితే వాకిట ఎండ చూపిన చాలునా? చాలదు. ఎండ ఎంత తగిలినదో కొలువ వీలుకాదు. బట్టలిప్పిన బిడ్డ చల్లబడవచ్చును, వేడికి కమలవచ్చును. అన్నిటికంటె పెద్ద నష్టము, ఎండను నమ్మి రోజులు పోగొట్టుకొనుట. ముక్కులో ఆకుపసరు పోసిన అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. వాతలు పెట్టిన పుండ్లు మాత్రము మిగులును.

మన యిండ్లలో మఱికొన్ని పొరపాట్లు కలవు. పురిటిగది చీకటిగా నుండును. నలుగుపిండిలో పసుపు కలిపి ఒళ్లు రుద్దుదురు. ఇక కామెర్ల పసుపేదో, నలుగు పసుపేదో తెలియుటెట్లు? బిడ్డను దినమున కొకసారి పగటి వెలుతురులోనికి తెచ్చి, నుదుటను ఛాతీని వ్రేలితో నొక్కి విడిచి ఆ చోటి రంగు చూడుడు. చామనచాయ బిడ్డ యైనచో కంటి తెలుపును, చిగుళ్లను చూడుడు. మొదటి ముఱ్ఱుపాలను పారబోయకుడు. అవి మలమును కదల్చి బిలిరుబినును వెడలగొట్టును. పెట్టెలోని బట్టలలో కలరా ఉండలు వేసియున్నచో ఆ బట్టలను బిడ్డకు తొడుగకుడు. కొందఱు శిశువులలో పుట్టుకతోనే ఒక రక్తలోపము కలదు. వారికి ఆ వాసన సోకినంతనే ఎఱ్ఱకణములు పెద్దమొత్తమున పగులును.

ఆసుపత్రికి తప్పక పోవలసిన గుర్తులు ఇవి: పుట్టిన 24 గంటలలోపల పచ్చబడుట, పచ్చదనము అఱచేతులకు, అఱికాళ్లకు దిగుట, పాలు మానుట, లేపినను లేవకుండుట, రెండు వారములు దాటినను తగ్గకుండుట, మలము సున్నమువలె తెల్లబడుట. ఆలస్యముగా ఏడ్చిన బిడ్డ యైనచో ఏ కొంచెము పచ్చదనమైనను చూపింపవలెను.

పూర్వము మన లంకలవారు పడవమీద కాలువ దాటి వైద్యుని వెదకవలసి యుండెను. నేడట్లు కాదు. 108 వాహనము 2005 నుండి మన రాష్ట్రమున నడుచుచున్నది. 2011 నుండి ప్రభుత్వాసుపత్రులలో జబ్బుపడిన నవజాత శిశువునకు చికిత్సయు ప్రయాణమును ఉచితము. ఆశా కార్యకర్త మూడవ, ఏడవ దినములలోను, ఆపైనను ఇంటికి వచ్చి బిడ్డను చూడవలసియున్నది. మచిలీపట్నమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలయు వెలసినది. దారి దగ్గఱయైనది, బయలుదేరుటయే మిగిలినది.

కాన్పు ఆసుపత్రిలో జరుగుట అన్నిటికంటె మేలు. ఏడవని బిడ్డను తలక్రిందుగా పట్టి చఱచుట, చన్నీళ్లు చల్లుట తగదు. తుడిచి, వెచ్చగా నుంచి, వీపు నిమిరి, అప్పటికిని ఊపిరి రానిచో ముసుగుతో గాలినందించుట తెలిసినవారు మొదటి నిమిషమున ప్రక్కనుండవలెను. ఇంటికి వచ్చునప్పుడు "బిడ్డ ఎప్పుడు ఏడ్చెను?" అని అడిగి చీటిపై వ్రాయించుకొనుడు. మూడవనాడు ఆ యొక్క మాట వైద్యునకు పెక్కు సంగతులు చెప్పును.

ఈ సంచికను ఇంటికి తీసికొనిపోవు బాలబాలికలారా, మీ అక్కకో వదినకో పురుడు వచ్చునప్పుడు ఈ పుటను చదివి వినిపింపుడు. మా బాలుడు తరువాత వినికిడి యంత్రము పెట్టుకొని మొదటి వరుసలో కూర్చుండి లెక్కలు చేసెను. అతని బుద్ధికి మేము సంతోషించితిమి. కాని అతని తల్లి "ఆనాడే ఎవరైనా చెప్పి ఉంటే" అని యన్న మాటకు మా యొద్ద జవాబు లేకపోయినది. ఇంకొక తల్లి ఆ మాట అనకుండుటకై ఈ వ్యాసము వ్రాసితిమి.