కురాపికా గొలుసు అసలు ఎలా పనిచేస్తుంది?

ముందే చెప్తున్నా, 'హంటర్ × హంటర్'లో యార్క్‌న్యూ సిటీ కథ ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. అన్నీ స్పాయిలర్లే.

యోషిహిరో తొగాషి 1998లో మొదలుపెట్టిన ఈ మాంగాలో ఫైట్లు కండబలం కన్నా రూల్స్ మీద ఎక్కువ నడుస్తాయి. దానికి మంచి ఉదాహరణ కురాపికా. కళ్ల కోసం తన కుర్టా తెగనంతా చంపేసిన ముఠా ఫాంటమ్ ట్రూప్. అందులో కండబలంలో మొదటివాడు ఉవోగిన్. నెన్ నేర్చుకుని ఏడాది కూడా కాని కురాపికా అతన్ని ఒంటరిగా ఎలా ఓడించాడు?

ముందు బేసిక్స్. ఒంట్లోంచి వచ్చే ప్రాణశక్తి ఆరా, దాన్ని వాడుకునే విద్య నెన్. నెన్‌లో ఆరు రకాలున్నాయి. ప్రతి మనిషికీ ఒక రకం సహజంగా వస్తుంది. కురాపికా కంజూరర్, అంటే ఆరాతో వస్తువులు సృష్టించేవాడు. అందులో అతనికి 100 శాతం పట్టు ఉంటే, బలం పెంచే ఎన్‌హాన్స్‌మెంట్‌లో 60 శాతమే. ఉవోగిన్ ఏమో ఎన్‌హాన్సర్. మామూలు గొలుసు వేస్తే దారంలా తెంచేస్తాడు.

ఇక్కడే అసలు విషయం ఉంది. నెన్‌లో మన శక్తికి మనమే షరతు పెట్టుకోవచ్చు, తప్పితే శిక్ష కూడా పెట్టుకోవచ్చు. షరతు ఎంత కఠినమైతే శక్తి అంత పెరుగుతుంది. మధ్య వేలి గొలుసు 'చైన్ జైల్'ని ట్రూప్ సభ్యుల మీద తప్ప ఎవరి మీదా వాడనని కురాపికా ఒట్టు పెట్టుకున్నాడు. వాడితే చావే. అందుకోసం చిటికెన వేలి 'జడ్జిమెంట్ చైన్'ని తన గుండెలోనే దించుకున్నాడు.

దాంతో చైన్ జైల్ పడినవాడి ఆరా పూర్తిగా ఆగిపోతుంది. ఈ స్థితినే జెట్సు అంటారు. ఉవోగిన్‌కి ఉత్త కండలు మిగిలాయి, అవి చాలలేదు.

రెండో ఆయుధం 'ఎంపరర్ టైమ్'. కళ్లు ఎర్రబడినంతసేపు ఆరు రకాల్లోనూ 100 శాతం పట్టు వస్తుంది. ఉవోగిన్ గుద్దుకి విరిగిన చెయ్యి బొటనవేలి 'హోలీ చైన్'తో అక్కడికక్కడే నయమైంది అందుకే. దీని ఖరీదు మాంగాలో చాలా తర్వాత తెలుస్తుంది: సెకనుకి ఒక గంట ఆయుష్షు. లెక్కేస్తే, గంటసేపు వాడితే 150 రోజులు పోయినట్టే!

మన హిరణ్యకశిపుడూ షరతులతోనే బలవంతుడయ్యాడు. కానీ ఆ షరతులన్నీ తనని చంపబోయేవాళ్లకి. కురాపికా మాత్రం తనకే పెట్టుకున్నాడు. అందుకే ఈ విషయం బయటికి పొక్కితే అతనికే ప్రమాదం: ట్రూప్ బయటివాణ్ణి పంపితే చైన్ జైల్ పనికిరాదు.

నాకు ఇందులో బాధనిపించేది ఒకటే. అతని వయసువాళ్లు ఏం నేర్చుకున్నా రేపు ఇంకోచోట పనికొస్తుంది. కురాపికా ప్రాణం పణంగా పెట్టి నేర్చుకున్న గొలుసు పగకి తప్ప దేనికీ పనికిరాదు. ట్రూప్‌లో ఆఖరివాడు పోయాక దానికి పనే ఉండదు.