కాళ్ళు నేలకు అందని బండి: ఎత్తు తగ్గించే ముందు తెలుసుకోవలసిన విషయాలు

ఎముకల వార్డులో ఎడమ చీలమండ విరిగి చేరిన ఒక యువకుని అన్నగారు డిశ్చార్జికి ముందురోజు నా దగ్గరకు వచ్చి, "సిస్టర్, తమ్ముడు ఇంటికి వచ్చేలోపు బండి స్ప్రింగులు కోయించేస్తాను. వీడికి కాళ్ళు అందకే ఇంత జరిగింది" అన్నారు. ఆ యువకుడు వేగంగా వెళ్ళి పడలేదు. రైల్వే గేటు దగ్గర బండి ఆపి, ఎడమ కాలు కింద పెట్టబోయాడు. కాలు అందలేదు. బండి ఒరిగింది. ఫుట్‌రెస్టుకూ నేలకూ మధ్య చీలమండ నలిగింది.

అన్నగారి ఆలోచన మంచిదే. ఎంచుకున్న మార్గం మాత్రం మంచిది కాదు. పొట్టిగా ఉన్నవారు, కొత్తగా బండి నేర్చుకునే స్త్రీలు, వయసు మళ్ళి మోకాళ్ళు వంగనివారు చాలా ఇళ్ళలో ఉంటారు. వారి కోసం, వారి ఇంటివారి కోసం ఈ నాలుగు మాటలు.

ఆగి ఉన్న బండి కూడా ప్రమాదమే

మనం వేగానికి భయపడతాం గాని, ఆగి ఉన్న బండికి భయపడం. హీరో స్ప్లెండర్ ప్లస్ బరువు సుమారు 112 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. నిటారుగా ఉన్నంతసేపు ఈ బరువు మనకు తెలియదు. కొద్దిగా పక్కకు ఒరిగిందా, ప్రతి అంగుళానికీ బరువు పెరుగుతుంది. మునివేళ్ళ మీద నిలబడినవారు దాన్ని ఆపలేరు.

ఎడమకు పడితే చీలమండ, పాదం ఎముకలు దెబ్బ తింటాయి. కుడికి పడితే వేడి సైలెన్సర్ పిక్కకు అంటుకుని కాలుతుంది. చెయ్యి ఆన్చి పడితే మణికట్టు విరుగుతుంది. బండి చెయ్యి దాటిపోతోందనిపిస్తే ఆపడానికి ప్రయత్నించకండి. వదిలి పక్కకు తప్పుకోండి. బండి గీతలు పడితే రంగు వేయించుకోవచ్చు, చీలమండ నెలల తరబడి బాధిస్తుంది.

సైలెన్సర్ కాలితే వెంటనే కుళాయి నీటి కింద 20 నిమిషాలు ఉంచండి. సిరా, టూత్‌పేస్టు, పసుపు, నెయ్యి పూయకండి. కాలు వంకర పోయినట్లు కనిపిస్తే లాగి సరిచేయవద్దు. ఉన్నది ఉన్నట్లు అట్ట లేదా కర్రముక్కతో కదలకుండా కట్టి ఆసుపత్రికి తీసుకురండి.

ముందు కొలవండి

సీటు ఎత్తులు అన్ని బండ్లకూ ఒకటి కావు. స్ప్లెండర్ ప్లస్‌కు 785 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350కి 805, బజాజ్ అవెంజర్ క్రూజ్ 220కి 737. అంటే ఈ చివరి రెండింటి మధ్య తేడా దాదాపు 7 సెంటీమీటర్లు.

కాలి కొలత ఇలా తీసుకోండి. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆన్చి నిలబడి, రెండు తొడల మధ్య ఒక పుస్తకాన్ని పైకంటా నిలువుగా పెట్టుకోవాలి. పుస్తకం పై అంచు నుండి నేల వరకు ఎంతుందో ఇంకొకరు కొలవాలి. దీన్ని సీటు ఎత్తుతో పోల్చండి. అయితే సీటు వెడల్పుగా ఉంటే కాళ్ళు దూరంగా చాపవలసి వచ్చి, కొలతకు సరిపోయిన బండి కూడా అందదు. కాబట్టి కొనేముందు రోజూ వేసుకునే చెప్పులతోనే కూర్చుని, స్టాండు తీసి చూడండి. రెండు పాదాల ముందు సగమైనా నేలకు ఆనాలి. కేవలం మునివేళ్ళే ఆనితే ఆలోచించుకోవాలి.

షాకబ్జార్బర్ ఏం చేస్తుంది?

షాకబ్జార్బర్లు కుషన్ కోసం మాత్రమే అనుకుంటారు. గుంటలో పడినప్పుడు చక్రం పైకి లేచేందుకు అవి చోటు ఇస్తాయి. చక్రాన్ని రోడ్డుకు అంటిపెట్టి ఉంచేది కూడా అవే. చక్రం రోడ్డుకు అంటి ఉంటేనే బ్రేకు పడుతుంది, మలుపులో బండి నిలుస్తుంది. షాకబ్జార్బర్‌ను కుదిస్తే ఆ చోటు తగ్గుతుంది. ఎత్తు తగ్గించడానికి మనం చెల్లించే ధర అదే. అందుకే దాన్ని చివరి మార్గంగా చూడాలి.

సస్పెన్షన్ ముట్టకుండా చేయగలిగినవి

1. షాకబ్జార్బర్ మెట్టు సరిచూడండి. మన బండ్లలో చాలావాటికి వెనుక షాకబ్జార్బర్ల కింద మెట్లు ఉన్న ఒక రింగు ఉంటుంది. కొక్కెం లాంటి స్పానర్‌తో దాన్ని తిప్పవచ్చు. ఇద్దరి బరువుకని ఎవరో గట్టి మెట్టులో పెట్టి వదిలేస్తారు. తేలికపాటి మనిషి ఒక్కరే నడిపితే బండి దిగదు, సీటు ఎత్తుగా ఉండిపోతుంది. మెత్తని మెట్టుకు తిప్పితే కొంత దిగుతుంది. రెండు పక్కలా ఒకే మెట్టులో ఉండాలి. వెనుక మనిషిని గాని, బియ్యం బస్తా గాని ఎక్కించేటప్పుడు మళ్ళీ గట్టి మెట్టుకు తిప్పాలి.

2. సీటు ఫోమ్ తగ్గించండి. సీట్లు కుట్టే దుకాణంలో ఫోమ్ రెండు సెంటీమీటర్ల వరకు తీయించి, ముందు భాగం రెండు వైపులా సన్నగా చేయించి, కొత్త రెగ్జిన్ వేయించుకోవచ్చు. ముందు భాగం సన్నబడితే కాళ్ళు నిటారుగా దిగుతాయి. చక్రానికి, బ్రేకుకు దీనితో సంబంధం లేదు. మరీ ఎక్కువ తీస్తే నడుము నొప్పి వస్తుంది.

3. చెప్పులు మార్చండి. హవాయి చెప్పులు జారుతాయి. మందమైన అడుగు ఉండి, మడమను పట్టి ఉంచే బూట్లు వేసుకుంటే ఒకటి రెండు సెంటీమీటర్లు కలిసి వస్తాయి. చీలమండకు రక్షణ కూడా.

4. ఒక కాలితో ఆగడం నేర్చుకోండి. రెండు కాళ్ళ మునివేళ్ళ కన్నా ఒక కాలి పూర్తి పాదం మేలు. ఆగేముందు నడుమును కొద్దిగా ఎడమకు జరిపి ఎడమ పాదం పూర్తిగా ఆన్చండి. కుడి పాదం వెనుక బ్రేకు మీదే ఉండాలి. ఖాళీ మైదానంలో ఒక వారం సాధన చేస్తే ఇది అలవాటవుతుంది.

5. ఆగే చోటు ఎంచుకోండి. మన రోడ్లు నీరు పోవడానికి అంచులవైపు వాలుగా ఉంటాయి. ఎడమ అంచున ఆగితే ఎడమ కాలికి నేల ఇంకా కిందికి ఉంటుంది. తారు అంచు దాటితే గుంట. పైన చెప్పిన యువకుడు పడింది సరిగ్గా అలాంటి చోటే. ఆగవలసి వస్తే చదునైన తారు మీద ఆగండి. కంకర, ఇసుక, బురద మీద ఆగకండి.

6. వెనుక కూర్చునేవారికి చెప్పండి. నడిపేవారు పాదం ఆన్చి "సరే" అన్న తరువాతే ఎక్కాలి, దిగాలి. పక్కకు తిరిగి కూర్చుంటే బరువంతా ఎడమ కాలి మీద పడుతుంది. రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడం ఇద్దరికీ క్షేమం.

ఈ ఆరూ చేస్తే చాలామందికి ఇక వేరే మార్పు అక్కరలేదు.

అయినా దించాలనుకుంటే

కొన్ని బండ్లకు కంపెనీవారే తక్కువ ఎత్తు సీటు అమ్ముతారు. ముందు అది అడగండి. తరువాత మార్గాలు రెండు. వెనుక ఒకే షాకబ్జార్బర్ ఉండి, దానికి లింకు పట్టీలు ఉన్న బండ్లలో కొంచెం పొడవైన పట్టీలు వేస్తే వెనుక దిగుతుంది. ముందు వైపు ఫోర్క్ గొట్టాలను, వాటిని పట్టి ఉంచే ప్లేట్లలో కొద్దిగా పైకి జరిపి బిగిస్తారు. ఇది తెలిసిన మెకానిక్ చేతనే చేయించాలి. గుర్తుంచుకోవలసినవి ఇవి:

ముందు, వెనుక సమానంగా దించాలి. వెనుక మాత్రమే దించితే హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది, రాత్రి హెడ్‌లైటు ఎదుటివారి కళ్ళలో కొడుతుంది. ముందు మాత్రమే దించితే వేగంలో బండి నిలకడ తప్పుతుంది.

రెండున్నర సెంటీమీటర్లకు మించి ఆశించవద్దు. స్ప్లెండర్ ప్లస్ కింది భాగానికీ రోడ్డుకూ మధ్య ఉన్నది 165 మిల్లీమీటర్లే. అంత దించితే 140 మిగులుతుంది. ఇద్దరు కూర్చుంటే ఇంకా తగ్గుతుంది. నియమం ప్రకారం కట్టిన స్పీడు బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు. ఊళ్ళలో ఎవరికి వారు పోసుకున్న గడ్డలకు ఏ లెక్కా లేదు.

సైడు స్టాండు కూడా ఆ మేరకు పొట్టి చేయించాలి. లేకపోతే బండి దాదాపు నిటారుగా నిలబడి, చిన్న తోపుకే కుడివైపు పడిపోతుంది. పక్కన ఆడుకునే పసిపిల్లలు దాని కింద పడే ప్రమాదం ఉంది. సెంటర్ స్టాండు వేయడం ముందుకన్నా కష్టమవుతుంది.

పని అయ్యాక, ఇంట్లో అందరికన్నా బరువైన మనిషిని వెనుక కూర్చోబెట్టి, మెల్లగా ఒక గడ్డ దాటించి చూడండి. టైరు మడ్‌గార్డుకు గాని, చైను దేనికైనా గాని రాసుకుంటే ఆ మార్పు పనికిరాదు. చైను బిగువు, హెడ్‌లైటు కూడా మళ్ళీ సరిచేయించాలి.

ఇది మాత్రం చేయవద్దు

స్ప్రింగు చుట్లు కోయించవద్దు. చుట్లు తగ్గితే స్ప్రింగు మెత్తబడదు, గట్టిపడుతుంది. కదలడానికి చోటు తగ్గుతుంది. గుంటలో చక్రం కిందికి జారినప్పుడు పొట్టి స్ప్రింగు తన గూటిలో వదులై పక్కకు జరగవచ్చు. అలాగే వేరే బండి పొట్టి షాకబ్జార్బర్లను తెచ్చి వేయించవద్దు. ఒక్కరు నడిపినప్పుడు బాగానే అనిపిస్తుంది. భార్యాబిడ్డలు ఎక్కిన రోజున టైరు మడ్‌గార్డుకు తగులుతుంది.

చట్టం ఏమంటుంది?

కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తుంది. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా చిక్కు రావచ్చు. కాబట్టి పట్టీలు, ఫోర్కులు ముట్టేముందు రవాణా కార్యాలయంలో అడగండి. బీమా కంపెనీకి తెలియజేయండి. రింగు మెట్టు తిప్పడం మాత్రం కంపెనీవారు మన కోసమే పెట్టిన సౌకర్యం. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఎముక విరిగినవారు ఇంటికి వెళ్ళాక

కట్టు విప్పారు కదా అని బండి ఎక్కవద్దు. నేల మీద ఒంటికాలిపై గట్టిగా నిలబడలేని మనిషి, ఆ కాలితో బండిని ఆపలేడు. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి చెప్పిన తరువాతే మొదలుపెట్టాలి. పక్క వీధికి వెళ్ళినా హెల్మెట్ తప్పనిసరి.

ఆ అన్నగారు స్ప్రింగులు కోయించలేదు. రింగు చూస్తే అన్నిటికన్నా గట్టి మెట్టులో ఉందట. బండిని అమ్మిన ఆయన వెనుక పాల క్యాన్లు వేసుకుని తిరిగేవాడట. మెట్టు తగ్గించి, సీటు ఫోమ్ తీయించారు. తరువాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆ యువకుడు అన్నగారి వెనుక కూర్చుని వచ్చాడు. "ఎడమ పాదం మొత్తం ఆనుతోంది సిస్టర్. డాక్టరుగారు సరే అన్నాకే నడుపుతాను" అన్నాడు.

మీ ఇంట్లో బండి ఉంటే, ఈ సాయంత్రమే ఒకసారి దాని మీద కూర్చుని మీ పాదాలు చూసుకోండి.